కమానుకు ఏ కట్టె మంచిది? ముందు కాళ్ళ సంగతి చూడండి

గేటు నుంచి గడప దాకా ఉన్న దారి మీద కట్టె కమాను కట్టి రాధామనోహరం పాకిద్దామనుకుంటున్నం, నల్గొండ పక్కన చలక నేల, టేకు పెట్టాల్నా, నీలగిరి సరిపోతదా అని అడిగిన్రు. కట్టె ఏదైనా నడుస్తది. మట్టిల పాతితే మాత్రం ఏదీ నిలవదు. టేకు చేవ అయితే కొన్నేండ్లు ఎక్కువ ఆగుతది, అంతే.

కమాను ఎట్ల పడుతదో తెలిస్తే ఎట్ల కట్టాల్నో అర్థమైతది. రెండేండ్లు బాగనే ఉంటది. మూడో ఏడు మే నెల వస్తది. పొద్దంతా ఉక్కపోత, సాయంత్రం ఒక దిక్కు మబ్బు ముసురుతది, పది నిమిషాలు గాలిదుమారం. అప్పటికి తీగె గుబురుగా అల్లుకొని ఉంటది కాబట్టి పందిరి మీద పట్టా కట్టినట్టు గాలిని మొత్తం ఆపుతది. పొద్దున చూస్తే కమాను దారికి అడ్డం పండుకొని ఉంటది, తీగె ఇంకా పచ్చగనే ఉంటది. పైన బోల్టులు ఊడవు, దూలం విరగదు. నాలుగు కాళ్ళూ నేల మట్టానికి కోసినట్టు విరుగుతయి. మొద్దు పీకి చూడండి, పైన రంగు అట్లనే ఉంటది, లోపల కట్టె బదులు ఎర్రమట్టి ఉంటది. చెదలు తిన్న జాడ అది.

నేలకు జానెడు పైన, జానెడు కింద, ఆ జాగాలనే తడీ గాలీ రెండూ తగులుతయి. అందుకే కుళ్ళు అక్కడ మొదలైతది. తీగెకు రోజూ పోసే నీళ్ళు ఆ తడిని ఆరనియ్యవు. కట్టె చుట్టూ సిమెంటు పోస్తే ఆగుతదనుకునేటోళ్ళు శానా మంది. అది ఇంకా చెరుపు. ఎండకు కట్టె సన్నబడి సిమెంటుకు, కట్టెకు నడుమ సందు పడుతది. ఆ సందుల నీళ్ళు దిగుతయి, బయటికి పోవు.

మన దిక్కు దీనికి సులువైన మందు రాతి కడీ. తోటల కంచెకు పాతే 5 ఫీట్ల కడీలు నాలుగు తెచ్చుకోండి. ఫీటుంబావు చదరం, రెండున్నర ఫీట్ల లోతు గుంత తవ్వి, అడుగున 3 ఇంచులు కంకర పరిచి కడీ నిలబెట్టాలె. సిమెంటు ఒకటికి రెండు ఇసుక, నాలుగు కంకర పాళ్ళల్ల కాంక్రీటు పోస్తే నాలుగింటికి రెండు బస్తాల సిమెంటుకు కొంచెం పైన పడుతది. గుంత మూతి దగ్గర కాంక్రీటును నేల కంటే రెండించులు లేపి, నీళ్ళు జారేటట్టు వాలు పెట్టండి. వారం రోజులు తడపాలె. పోసే ముందే గుండు వేసి నిలువు చూడండి, ఎదురెదురు మూలలకు టేపు పట్టి రెండు కొలతలూ సమానం వచ్చినయా చూడండి. ఇక్కడ ఇంచు తేడా ఉంటే పైన దూలం కూర్చోదు. గద్వాల, అలంపూర్ దిక్కు నల్లరేగడి అయితే గుంత ఇంకో అర ఫీటు దింపి, పొడుగు కడీ తీసుకోవాలె. ఎండాకాలం పగిలి వానకాలం ఉబ్బే నేల అది, పైపైన పాతింది కదులుతది.

స్తంభాలు 3 ఇంచుల చదరం, ఏడున్నర ఫీట్ల పొడుగు. నేలకు 3 ఇంచులు పైకి లేపి, కడీకి ఆనించి, ఒక్కోదానికి రెండు ఇనుప క్లాంపులతో బిగించాలె. కడీకి హోలు కొట్టకండి, అంచు దగ్గర పగిలితే దండగ. దారి వెడల్పు స్తంభాల నడుమ నాలుగున్నర ఫీట్లు, ముందు జతకు వెనక జతకు నడుమ 2 ఫీట్లు. దూలాలు రెండు, 4 ఇంచులు బై 2 ఇంచులు, ఆరున్నర ఫీట్లు. ఒకటి ముందు జతకు, ఒకటి వెనక జతకు, 10 ఎంఎం మందం, 6 ఇంచుల పొడుగు, జింకు పూత ఉన్న జీఐ బోల్టులతో, వాషర్లు వేసి బిగించాలె. ఒక్కో చోట రెండు బోల్టులు, ఒకే గీత మీద కాకుండా ఏటవాలుగా, లేకుంటే కట్టె నార వెంట చీలుతది. పైన అడ్డంగా మూడున్నర ఫీట్ల పట్టీలు ఏడు, ఫీటుకొకటి. నడిచేటోళ్ళకు నేల నుంచి దూలం కింది దాకా 7 ఫీట్ల 5 ఇంచులు దొరుకుతది, తీగె వేలాడినా తలకు తగలదు.

చాలా మంది మరిచేది మూలకట్టె. స్తంభం, దూలం కలిసే నాలుగు మూలలకూ ఫీటున్నర కట్టె ఏటవాలుగా బిగించకుంటే, కాళ్ళు ఎంత గట్టిగున్నా పైభాగం పక్కకు ఒరుగుతది. ఫోన్లల్ల కనిపించే అందమైన కమాను ఫొటోలల్ల ఈ ముక్క ఉండదు. సన్న పట్టీలు, సీలలు, నాలుగు పూల కుండలు, అంతే. అది ఫొటో కోసం కట్టింది, మన గాలికి కాదు.

ఇక కట్టె. పాత ఇండ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు దూలాలు అన్నింటికన్నా మంచివి, ఎప్పుడో ఆరిపోయి ఉంటయి. తరువాత నల్లతుమ్మ, చేవ భాగమే. అంచున ఉండే తెల్ల కట్టెను వడ్లాయనతో తీయించండి, పురుగు ముందు పట్టేది దాన్నే. నల్లతుమ్మకు సీల నేరుగా కొడితే వంగుతది లేకుంటే కట్టె చీలుతది, ముందు బరమాతో హోలు వేయాలె. నీలగిరి పచ్చిది కొంటే ఆరేటప్పుడు మెలి తిరుగుతది. పైన గుండ్రటి వంపే కావాలంటే వెదురు బద్దలు రాత్రంతా నానబెట్టి వంచి కట్టుకోండి, రెండు మూడేండ్లకు మార్చుకుంటే సరి. కట్టెకు అవిసె నూనె రెండు పూతలు, కోసిన కొసలకు మూడు. వాడిన ఇంజన్ ఆయిల్ పూయొద్దు, కూరగాయల పందిరైతే అసలే వద్దు.

తీగెలన్నీ ఒక్క తీరుగ ఎక్కవు. బీర, కాకర నులితీగెలతో పట్టుకుంటయి, 3 ఇంచుల స్తంభం వాటి పట్టుకు దొరకదు, పక్కలకు కొబ్బరి తాడు వల కట్టాలె. శంఖుపూలు చుట్టుకుంటయి. కాగితం పూలు పట్టుకోవు, చుట్టుకోవు, ఫీటుకొక చోట మీరే కట్టాలె. ఇనుప తీగతో కట్టకండి, కాండం లావెక్కినంక కోసుకపోతది, పాత చీర పేలికలు చాలు. మొక్కను స్తంభానికి ఆనించి కాకుండా ఫీటున్నర దూరం పెట్టండి. రాధామనోహరమైతే ఏటా ఏప్రిల్ మొదటి వారంల మూడో వంతు కొట్టేయండి, దుమారాలు మొదలుకాక ముందే తల తేలికైతది. క్లాంపుల బోల్టులు కూడా ఆ రోజే బిగించుకోండి.