రెసిడెంట్ ఈవిల్ చివరి భాగం ఒక్కటే చూస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న: ఈ జాంబీ సినిమాల వరుసలో ముందు వచ్చిన ఐదూ చూడకుండా నేరుగా ఆరోదైన 'రెసిడెంట్ ఈవిల్: ద ఫైనల్ చాప్టర్' చూడొచ్చా, అసలు బాగుంటుందా అని. కథ అర్థం కావడానికైతే ఇబ్బంది లేదు, జరిగినదంతా మొదట్లోనే హీరోయిన్ ఆలిస్ చెప్పేస్తుంది. కానీ 2002లో వచ్చిన మొదటి భాగం చూడకుండా మాత్రం దీనికి కూర్చోకండి. ఆ ఒక్కటీ తప్పనిసరి.

మొదటిది నేను ఇంజనీరింగ్ హాస్టల్లో చూశాను. మా రూమ్మేట్ కంప్యూటర్ ముందు తొమ్మిదిమందిమి, లైట్లు ఆర్పేసి. అందులో లేజర్ కారిడార్ సీన్ ఉంటుంది. ఒక్కో లేజర్ గీత దూసుకొస్తుంటే కమాండర్ ఒకదాన్ని ఎగిరి తప్పించుకుంటాడు. తర్వాతది దగ్గరకొచ్చేసరికి వలలా మారిపోతుంది. అది దాటిపోయాక ఒక్క క్షణం మనిషి అలాగే నిలబడి ఉంటాడు, ఏమీ కానట్టే. ఆ క్షణంలో మా గదిలో ఎవరూ ఊపిరి పీల్చలేదు. చివరి భాగంలో ఆలిస్ మళ్లీ అదే కారిడార్‌లో అడుగు పెడుతుంది. ముందు చూసినవాళ్లకి అక్కడ గుండె దడ మొదలవుతుంది. చూడనివాళ్లకి అది ఇంకో ఫైట్, అంతే.

కథ సూటిగా ఉంటుంది. రాకూన్ సిటీ కింద ఉన్న హైవ్ అనే రహస్య ల్యాబ్‌లో, మనుషుల్ని జాంబీలుగా మార్చే టీ-వైరస్‌ని గాలిలో పాకి చంపే విరుగుడు ఉంది. 48 గంటల్లో అక్కడికి చేరాలి. అంటే ఎక్కడ మొదలైందో అక్కడికే తిరుగు ప్రయాణం. దర్శకుడు పాల్ ఆండర్సన్ తీసుకున్న ఈ నిర్ణయం నాకు బాగా నచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. ఎడిటింగ్ మరీ దారుణం. ఎవరు ఎవర్ని కొడుతున్నారో చూసేలోపే నాలుగు షాట్లు మారిపోతాయి. ఆలిస్‌గా మిల్లా జొవోవిచ్ అంత కష్టపడి చేసిన ఫైట్లు కంటికి ఆనకుండా పోయాయి. ఐదో భాగం చివర్లో వైట్‌హౌస్ దగ్గర పెద్ద యుద్ధం జరగబోతోందని ఊరించి, ఇందులో అది అయిపోయాక కథ మొదలుపెట్టారు. నాలుగేళ్లు ఎదురుచూసినవాణ్ణి, చాలా బాధపడ్డాను. ఇంకోటి, రెండో భాగంలో టీ-వైరస్‌ని డాక్టర్ ఆష్‌ఫోర్డ్ తన కూతురి కోసం తయారుచేశాడని చెప్పారు. ఇక్కడికొచ్చేసరికి దాని వెనక జేమ్స్ మార్కస్ అనే ఇంకో తండ్రి, ఇంకో కూతురు. పాతవన్నీ గుర్తున్నవాళ్లకి ఇది పంటి కింద రాయిలా తగులుతుంది.

ఇక్కణ్ణుంచి స్పాయిలర్. వద్దనుకుంటే ఈ పేరా వదిలేయండి. మార్కస్ కూతురు అలీసియాకి ప్రొజీరియా, పిల్లల్ని ముందే ముసలివాళ్లని చేసే జబ్బు. ఆలిస్ ఆమె క్లోన్. రెడ్ క్వీన్ అనే కంప్యూటర్‌కి ఇచ్చిన రూపం ఆమె చిన్నప్పటిది. చివర్లో ముగ్గురూ ఒకేచోట ఉంటారు. ముసలి అలీసియాగా, ఆలిస్‌గా మిల్లానే చేసింది. చిన్నపిల్లగా చేసింది ఆమె సొంత కూతురు ఎవర్ ఆండర్సన్, దర్శకుడు ఆ పిల్ల తండ్రి. చిన్నతనమే గుర్తులేని ఆలిస్‌కి ఆ పిల్ల జ్ఞాపకాలు దక్కుతాయి. 2017లో మా చెల్లితో కలిసి హాల్లో చూశాను. జాంబీ సినిమా అంటేనే మొహం చిట్లించే మనిషి, అక్కడ కళ్లు తుడుచుకుంది.

ఒక విషయం తెలిసి చూడండి. దక్షిణాఫ్రికాలో షూటింగ్ అప్పుడు, 2015లో, మిల్లాకి డూప్‌గా బైక్ నడిపిన ఒలీవియా జాక్సన్ కెమెరా ఉన్న క్రేన్‌ని గుద్దుకుని కోమాలోకి వెళ్లిపోయింది, తర్వాత ఎడమచేయి తీసేయాల్సి వచ్చింది. అదే షూటింగ్‌లో యూనిట్ మనిషి ఒకరు వాహనం కింద నలిగి చనిపోయారు. ఇది తెలిశాక రెండోసారి చూసినప్పుడు, బైక్ సీన్ రాగానే నా చేయి రిమోట్ మీదికి వెళ్లింది. ఆపలేదు, కానీ ఆ సీన్ అయ్యేదాకా ఆమే గుర్తొచ్చింది.

మొదటిది ఎలాగూ తప్పదు, టైమ్ ఉంటే మూడోది కూడా చూసి దీనికి రండి. డాక్టర్ ఐజాక్స్ ఎవరో మూడోదాంట్లో బాగా తెలుస్తుంది, ఇక్కడ అసలు విలన్ ఆయనే. నాలుగు, ఐదు భాగాలు వదిలేసినా పర్లేదు.