తోడు పెట్టుడా, తోడు పోవుడా?

సందేహం: ప్రొటీన్లను పోలిన అణువులనూ, పెప్టైడ్ల (అమైనో ఆమ్లాల చిన్న గొలుసుల) తయారీకి ఉత్ప్రేరకాలనూ (క్యాటలిస్టులనూ) రూపొందించడం గురించి ఇంటర్ పిల్లలకు తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘ఉత్ప్రేరకం’ వాళ్లకు నోరు తిరగడం లేదు. పాలు తోడువెట్టినట్టే గదా, ‘తోడు’ అనొచ్చా? ‘ప్రొటీన్ అనుకరణ అణువు’ సరైన ప్రయోగమేనా?
– ఒక అధ్యాపకురాలు, నల్లగొండ

సమాధానం: ‘తోడు’ మంచి ఊహే, కానీ పాల దగ్గర చిక్కుంది. రాత్రి వేసిన చెంచాడు తోడును పొద్దున వేరుచేసి చూపలేం. అది పెరుగులో కలిసిపోయింది, పైగా దాంట్లోని సూక్ష్మజీవులు ఎన్నో ఇంతలయ్యాయి. ఉత్ప్రేరకం చర్యలో పాల్గొన్నా చివరికి వేసినంతా మిగులుతుంది. పాల తోడుకు దగ్గరి చుట్టం ఎంజైమ్ అనే జీవ ఉత్ప్రేరకం. 1877 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్త క్యూనె పెట్టిన ఆ పేరు పులిసిన పిండికి గ్రీకులో ఉన్న మాట నుంచే వచ్చింది. వాళ్లకూ వంటిల్లే గుర్తొచ్చిందన్నమాట.

అయితే తోడుకు ఇంకో అర్థముంది. పెళ్లయిన పిల్ల అత్తగారింటికి పోతుంటే అవ్వనో చిన్నమ్మనో తోడు పంపుతరు. ఆమె పిల్లను దిగబెట్టి, పోయిన తీరుగానే తిరిగొచ్చి, రేపు ఇంకో పిల్లకు తోడు పోతుంది. ఉత్ప్రేరకం పనీ ఇదే. దారి సులువు చేస్తుంది, దారే లేని ఊరికి మాత్రం చేర్చలేదు.

మీ పాఠంలో ఈ తేడా తప్పక తగులుతుంది. పెప్టైడ్ గొలుసు కట్టడానికి ఆమ్లం, అమైన్ కలవాలి; ఊరికే ఎదురుపడితే బంధం పడకముందే లవణమై కూర్చుంటాయి. అందుకే ఆ రెంటినీ జతకలిపే డీసీసీ (డైసైక్లోహెక్సైల్ కార్బోడైఇమైడ్) వంటి రసాయనాలు కలుపుతారు. అది ఒక్కో బంధానికి ఒక్కో అణువు చొప్పున ఖర్చై, యూరియా జాతి వ్యర్థంగా మిగులుతుంది. కాబట్టి అది ఉత్ప్రేరకం కాదు. అదే పనికి కొద్దిగా వేసే బోరానిక్ ఆమ్లాలు ఉత్ప్రేరకాలు. పాల తోడు పోలిక చెబితే పిల్లలు రెంటినీ ఒకే గాట కడతారు.

వివరణలో అవ్వ తోడు చెప్పండి, పారిభాషిక పదంగా ‘ఉత్ప్రేరకం’ ఉంచండి. దాన్నుంచి ఉత్ప్రేరణ, ఉత్ప్రేరితం వస్తాయి. ‘తోడు’ నుంచి అన్ని రూపాలు లాగలేం.

ఇక ‘అనుకరణ’ పనికి పేరు, అణువుకు కాదు. ‘అనుకారి’ అనొచ్చు గానీ నాకు ‘ప్రొటీన్ తీరు అణువు’ నచ్చుతుంది. ‘అచ్చం తండ్రి తీరే ఉన్నడు’ అన్నప్పుడు మన దగ్గర రూపూ నడతా రెండూ వస్తాయి. ఆ అణువులు పోలేది కూడా ప్రొటీన్ మడతనో, పనినో, రెంటినో గదా.

ప్రొటీన్‌కు వాడే ‘మాంసకృత్తు’ జోలికి మాత్రం పోకండి. పప్పులోకి మాంసం ఎట్లొచ్చిందని అడుగుతారు.