ఆకాశంలో నల్ల చుక్కలు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు కొత్త షీట్ ఫిల్మ్ కెమెరాతో తీసి పంపిన ప్రింట్లు చూశాను. ఆకాశం నిండా నల్ల చుక్కలు, అక్కడక్కడా తెల్లవి. లెన్సును అనుమానించకు, కెమెరా అమ్మినవాణ్ణి తిట్టుకోకు. దుమ్ము ఎక్కడ పడిందో చుక్క రంగే చెబుతుంది. తెల్ల చుక్క అంటే ప్రింటు వేసేటప్పుడు నెగటివ్ మీద దుమ్ముంది. నల్ల చుక్క అంటే ఫోటో తీసేటప్పటికే ఫిల్మ్ మీద ఉంది. ఆ చోట వెలుతురు పడక నెగటివ్ ఖాళీగా మిగిలి, ప్రింటులో నల్లగా దిగింది.

ఇంతకుముందు వాడిన 120 రోల్ ఫిల్మ్‌తో నీకు ఈ నల్ల చుక్కల బాధ పెద్దగా తెలియలేదు. అది ఫ్యాక్టరీలోనే వెనక కాగితంతో బిగువుగా చుట్టి వస్తుంది, డెవలపింగ్ రీల్‌కి ఎక్కించేదాకా నీ చెయ్యి తగలదు. దానికి దుమ్ము అంటేది ఎక్కువగా ఆరేసేటప్పుడు, నెగటివ్‌ను పెద్దది చేసి ప్రింటు వేసే ఎన్‌లార్జర్‌లో పెట్టేటప్పుడు. ఫోర్ బై ఫైవ్ షీటును, అంటే నాలుగు బై ఐదు అంగుళాల విడి ఫిల్మ్‌ను, మాత్రం చీకట్లో నువ్వే హోల్డర్ అనే పలుచని పెట్టెలోకి తోస్తావు. పైగా హోల్డర్‌లో ఫిల్మ్ మీద వెలుతురు పడకుండా కప్పే పలకను, అదే డార్క్ స్లైడ్‌ను, లాగినప్పుడల్లా రాపిడికి స్టాటిక్ పుట్టి, మూలల్లో దాగిన దుమ్ము ఫిల్మ్‌కి అతుక్కుంటుంది.

కాబట్టి అసలు పని ఫోటో తీయడానికి ముందే ఉంది. హోల్డర్లను, స్లైడ్లను విడదీసి వాక్యూమ్ క్లీనర్ బ్రష్‌తో దుమ్ము లాగెయ్. లోడ్ చేశాక ఒక్కోదాన్ని జిప్ కవర్లో పెట్టు. చేతులు దూర్చి ఫిల్మ్ ఎక్కించే చీకటి సంచి, అదే చేంజింగ్ బ్యాగ్, నాకు నచ్చదు, దాని నూగే సగం దుమ్ము, చేతులకు చెమట అదనం. బాత్రూమ్ మేలు. గోడలు, నేల తడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ ఆపి, పావుగంట ఆగి మొదలుపెట్టు. మీ హైదరాబాద్‌లో ఏప్రిల్, మే గాలి మరీ పొడి, అప్పుడు నేల కాస్త తడిగానే ఉంచు. కెమెరాలో పెట్టేముందు హోల్డర్ అంచును అరచేతి మీద తట్టు, స్లైడ్‌ను నెమ్మదిగా లాగు. కెమెరాకు ఉండే మడతల తిత్తి, అదే బెల్లోస్, లోపలి దుమ్ము సంగతి చాలామంది మర్చిపోతారు, దాన్నీ సాగదీసి వాక్యూమ్ పట్టు.

ఒక సుఖం ఉంది. 16×20 అంగుళాల ప్రింటుకి ఫోర్ బై ఫైవ్‌ను నాలుగు రెట్లు పెంచితే చాలు, 120 రోల్ మీది సిక్స్ బై సెవెన్ సెంటీమీటర్ల నెగటివ్ అయితే ఏడు రెట్ల పైనే. అదే నలుసు షీటు నుంచి వేసిన ప్రింటులో చిన్నగా కనిపిస్తుంది. కానీ ఎన్‌లార్జర్‌లో షీటు వంగకుండా రెండు గాజుల మధ్య బిగించే గాజు క్యారియర్ వాడావో, తుడవాల్సిన గాజు ముఖాలు నాలుగు చేరతాయి.

తెల్ల చుక్కను స్పాటింగ్ రంగుతో, సన్న కుంచెతో పూడ్చవచ్చు. నల్లదాన్ని బ్లేడు మొనతో గీకాలి, లేదా బ్లీచ్ చేసి మళ్లీ రంగు నింపాలి. విసుగు పని. స్కానర్‌లోని ఇన్‌ఫ్రారెడ్ దుమ్ము తొలగింపు మీద ఆశ పెట్టుకోకు. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లోని వెండి ఆ కిరణాలనే అడ్డుకుంటుంది.

హోల్డర్లకు నంబర్లు వేసుకో. ఒకే నంబరులో మళ్లీ మళ్లీ చుక్కలొస్తే స్లైడ్ దూరే చోట ఉన్న మఖమల్ చూడు. అది అరిగి పోగులు రాలుస్తుంటే హోల్డర్‌ను పక్కన పడెయ్. అలాంటివి ఎవరైనా చౌకగా ఇస్తామన్నా కొనకు.

మీ మావయ్య