మేనేజ్‌మెంట్ వైపు నిలబడబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు లేబర్ లాలో మేనేజ్‌మెంట్ వైపు ప్రాక్టీసు మొదలుపెడుతున్నావని మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. "కూలివాడి పొట్ట కొట్టే పని కాదా అన్నయ్యా" అన్నాడు. కాదని గట్టిగా వాదించాను. నువ్వు ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యకపోతే మాత్రం వాడన్నదే నిజమవుతుంది. ముప్పై ఏళ్లు ఇదే పని చేసినవాణ్ణి కదా, గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు.

అపాయింట్‌మెంట్ ఆర్డరు, కంపెనీ పని నియమాలుండే స్టాండింగ్ ఆర్డర్లు, హాజరు పట్టీ చూడందే నోరు విప్పకు. ఆరోపణ చేసినవాడే ఎంక్వైరీ ఆఫీసరుగా కూర్చుంటే ఆ ఎంక్వైరీ నిలవదు. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 2013 చట్టం ప్రకారం కమిటీ వేశారో లేదో అడుగు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరు.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక చిన్న ఫ్యాక్టరీ నా క్లయింటు. ఆర్డర్లు లేక 11 మందిని తీసేయాల్సి వచ్చింది. నిజంగానే డబ్బుల్లేవు, నటన కాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ సెక్షన్ నాకు కంఠతా: ఏడాది సర్వీసు నిండినవాడికి నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి, పైగా చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం. పర్సనెల్ మేనేజరు ఫోన్ చేసి, "లెటర్లు ఇవాళ ఇచ్చేసి, డబ్బు నెలాఖరుకి ఇవ్వొచ్చా సార్?" అన్నాడు. కోర్టుకు టైమైపోతోంది. "ఇవ్వండి, ఏం కాదు" అనేశాను.

లేబర్ కోర్టులో యూనియన్ తరఫున వచ్చినాయన వకీలు కూడా కాదు. మా సాక్షిని రెండే ప్రశ్నలడిగాడు. లెటరు తేదీ ఎంత? చెక్కు తేదీ ఎంత? అంతే, కూర్చున్నాడు. తీసేసేటప్పుడే పరిహారం చేతికి అందాలి. తర్వాత ఎంత ఇచ్చినా ఆ తొలగింపు, అదే రిట్రెంచ్‌మెంట్, చెల్లదు. 11 మందినీ, పనిలో లేని కాలపు జీతాలతో సహా, తిరిగి తీసుకోమన్నారు. వాళ్లకు న్యాయమే జరిగింది, ఆ మాట అప్పుడే ఒప్పుకున్నాను.

ఒప్పుకోనిది ఇంకొకటుంది. యజమాని నా ఎదురుగానే మేనేజరుని నిలదీశాడు, "తర్వాత ఇవ్వొచ్చని నీకెవరు చెప్పారయ్యా?" అని. అతను నా వైపు చూశాడు. నా సలహా ఫోన్లో మాట, ఎక్కడా కాగితం లేదు. నేను తలొంచుకుని ఫైలు సర్దుకున్నాను. నెల తిరక్కుండా అతని ఉద్యోగం పోయింది. అతనికి ఇద్దరు పిల్లలు. ఉత్తరం రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను, రాయలేదు.

అప్పట్నుంచీ ఫోన్లో ఏం చెప్పినా సాయంత్రం లోపు రాసి పంపేవాణ్ణి. నువ్వూ పంపు. "పొద్దున మీరు ఇది అడిగారు, నేను ఇలా చెప్పాను" అని రెండు లైన్లు చాలు. బద్ధకిస్తావు, నాకు తెలుసు, చిన్నప్పుడు నీ ఎక్కాలు అప్పజెప్పించుకున్నది నేనే. కానీ ఆ రెండు లైన్లు నీకంటే అవతల ఫోన్ పట్టుకున్నవాడికే ఎక్కువ అవసరం. తప్పు చెప్పానని తెలిస్తే ఆ సాయంత్రమే మళ్లీ రాయి. సిగ్గుపడకు తల్లీ.

ఆ 1947 చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది కదా, సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయి నాకు నోటికి రావడం లేదు. తీసేసేటప్పుడే పరిహారం ఇవ్వాలనే షరతు మాత్రం అందులోనూ ఉంది. పుస్తకం రెండు కాపీలు కొని ఒకటి నాకు పంపు.

మొదటి కేసు గెలిచినా ఓడినా ఫోన్ చెయ్యి. కంపెనీ పేరు చెప్పకు, నేను అడిగినా సరే.

మీ పెదనాన్న