మందు పాతది, పథ్యం కొత్తది... ఆ చెమటలు అందుకే!

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 47 ఏళ్ళు. పొదిలిలో ఎరువుల షాపు నడుపుతున్నాను. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. రెండేళ్ళ కింద షుగర్ బయటపడింది. పొద్దున గ్లిమిపిరైడ్ 2 ఎంజీ, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ 500, బీపీకి టెల్మిసార్టాన్ 40 వాడుతున్నాను. నాలుగు నెలల కింద ఫోన్‌లో వీడియోలు చూసి అన్నం పూర్తిగా మానేశాను. గుడ్లు, మటన్, ఆకుకూరలు, నెయ్యి, కొబ్బరినూనె... ఇవే, అదీ మధ్యాహ్నం రెండు గంటలకు ఒక్క పూట. 84 కేజీల నుంచి 76కి దిగాను. షుగర్ కూడా బాగా తగ్గింది. కానీ మూడు వారాలుగా పొద్దున 11 గంటలప్పుడు చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. ఒకరోజు షాపులో స్టూలు మీద కూర్చుని ఉండగానే కళ్ళు బైర్లు కమ్మాయి. కొవ్వు కరిగేటప్పుడు ఇలాగే ఉంటుందని తెలిసినవాళ్ళు అంటున్నారు. నా భార్యకు షుగర్ లేదు గానీ కొర్రన్నం తింటుంది, శనివారం ఒక్కపొద్దు. హైదరాబాద్ హాస్టల్లో ఉన్న మా అమ్మాయిది ఓట్స్, ప్రోటీన్ పౌడర్. మా అమ్మకు 72 ఏళ్ళు, మూడు పూటలా అన్నమే. "ఏందిరా ఈ తిండ్లు, మేం అన్నం తినే గదా బతికింది" అంటుంది. ఇంతకీ ఎవరి డైట్ కరెక్ట్? - ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: ఎవరి డైట్ కరెక్ట్ అనేది తర్వాత చూద్దాం. ముందు మీ చెమటల సంగతి. అది కొవ్వు కరగడం కాదండీ. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, షుగర్ ఉండాల్సినదాని కంటే కిందికి పడిపోతోంది. ఈ జవాబు చదివిన వెంటనే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయనతో మాట్లాడేవరకు ఒంటిపూట పద్ధతి ఆపి పొద్దున కూడా తినండి. ఏమీ తినకుండా గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకోవద్దు. మళ్ళీ చెమటలు మొదలైతే బండి తోలొద్దు.

ఎందుకిలా జరుగుతోందో చెప్తాను. గ్లిమిపిరైడ్ పని ఏమిటంటే, క్లోమ గ్రంథిని తట్టి లేపి ఇన్సులిన్ వదిలించడం. మీరు టిఫిన్ తిన్నారా లేదా అన్నది ఆ మాత్రకు తెలియదు. పొద్దున ఏడింటికి వేసుకుంటే దాని పని అది చేసుకుంటూ పోతుంది. అప్పట్లో మీరు నాలుగు ఇడ్లీలో దోశలో తినేవారు, ఆ ఇన్సులిన్‌కు పని ఉండేది. ఇప్పుడు మధ్యాహ్నం రెండింటి వరకు కడుపులో ఏమీ లేదు, నిన్న తిన్నదాంట్లో కూడా పిండిపదార్థం లేదు. మాత్ర మాత్రం అదే 2 ఎంజీ. పైగా 8 కేజీలు తగ్గిన ఒంటికి అంత మందు అవసరం ఉండకపోవచ్చు.

మన పెద్దవాళ్ళు 'పథ్యం' అనేవారు. నాకు డైట్ అనే మాట కంటే అదే ఇష్టం. పథ్యం ఎప్పుడూ ఒంటరిగా ఉండేది కాదు, మందుతో జతగా ఉండేది. వైద్యుడు పొట్లం చేతిలో పెడుతూనే ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పేవాడు. మందు మారితే పథ్యం మారేది. మీ విషయంలో పథ్యం పూర్తిగా మారిపోయింది, మందు రెండేళ్ళ కిందటిదే ఉంది. మీరు రాసినదాంట్లో నన్ను భయపెట్టింది నెయ్యీ కాదు, మటనూ కాదు. ఇదే.

ఈసారి చెమటలు పట్టగానే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు టీ చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకొని తాగండి. పావుగంట ఆగి మళ్ళీ చూడండి. ఇంకా 70 దాటకపోతే మళ్ళీ అంతే చక్కెర. దాటాక ఊరుకోకండి, ఏదైనా తినండి. ఈ మాత్ర ప్రభావం చాలా గంటలుంటుంది కాబట్టి షుగర్ మళ్ళీ పడిపోవచ్చు. చేతిలో మీటర్ లేకపోతే దానికోసం వెతుకుతూ కూర్చోవద్దు, ముందు చక్కెర తీసుకోండి. షాపులో కుర్రాడికి కూడా చెప్పి పెట్టండి: మీరు స్పృహలో ఉంటే చక్కెర నీళ్ళు ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి.

బీపీ మాత్ర సంగతి కూడా అంతే. పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే మొదటి వారాల్లో ఒంట్లోంచి ఉప్పూ నీరూ ఎక్కువగా బయటికి పోతాయి, బరువు తగ్గితే బీపీ కూడా దిగుతుంది. లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతుంటే అది షుగర్ వల్ల కాక బీపీ వల్ల కూడా కావచ్చు. కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూడమని అడగండి.

మీలాంటి డైటే చేస్తున్న ఇంకొందరికి ఇక్కడే ఒక హెచ్చరిక. చక్కెరను మూత్రంలోకి పంపించే మాత్రలుంటాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి. అవి వాడుతూ అన్నం, రొట్టె పూర్తిగా మానేసినా, రోజుల తరబడి ఉపవాసాలున్నా కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపించవచ్చు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఒక్క గంట కూడా ఇంట్లో ఉండకూడదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళయితే సొంతంగా ఏ డైటూ మొదలుపెట్టొద్దు.

ఇక మీరు సాధించినదాని గురించి. నాలుగు నెలల్లో 8 కేజీలు తగ్గడం చిన్న విషయం కాదు. దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. షుగర్ ఉన్నవాళ్ళు బరువు తగ్గితే ఏం జరుగుతుందో బ్రిటన్‌లో 306 మంది మీద చేసిన డైరెక్ట్ అనే అధ్యయనం చూపించింది. 2017లో ఫలితాలు వచ్చాయి. అందులో సగం మందికి డాక్టర్ల పర్యవేక్షణలో కొన్ని నెలలు రోజుకు దాదాపు 850 కేలరీల ఆహారం ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళలో 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. అక్కడ మొదటి రోజే షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఆపేశారు. పథ్యం, మందు రెండూ ఒకేసారి మార్చారు. మీకు జరగనిది అదే.

కొవ్వు ఎక్కువ, పిండి తక్కువ తినే కీటో పద్ధతి నిజానికి బరువు కోసం పుట్టింది కాదు. 1920ల్లో అమెరికాలో మూర్ఛ జబ్బుకు చికిత్సగా మొదలైంది, మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ వాడతారు. బరువు విషయంలో అది మిగతావాటి కంటే గొప్పదా అంటే, 2018లో అమెరికాలో 609 మందిని రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకు కొవ్వు తక్కువ, ఇంకో జట్టుకు పిండిపదార్థాలు తక్కువ. ఏడాది తర్వాత సగటున మొదటి జట్టు 5.3 కేజీలు, రెండోది 6 కేజీలు తగ్గాయి. పెద్ద తేడా లేదన్నమాట. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఈ సగటు కాదు. ఒకే జట్టులో ఒకే రకం సలహా విన్నవాళ్ళలో కొందరు పాతిక కేజీలకు పైగా తగ్గారు, కొందరు తిరిగి పెరిగారు. కాబట్టి ఎవరి డైట్ గొప్ప అని ఇంట్లో వాదించుకోకండి. మీరు దాన్ని ఎన్నాళ్ళు చేయగలరు, మీ ఒంటికి, మీ మందులకు అది సరిపోతుందా అన్నది చూసుకోండి.

సంక్రాంతికి అరిసెలు వండుతారు, బంధువుల పెళ్ళిళ్ళుంటాయి. ఏడాది పొడవునా ఒంటిపూట మటన్‌తో నోరు కట్టుకుని ఉండగలరా? ఉండగలిగితే సరే, డాక్టరు మందు సరిచేశాక పరీక్షలు చేయించుకుంటూ సాగించండి. కొబ్బరినూనె, నెయ్యి గరిటెలతో తాగినవాళ్ళలో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరగడం నా దగ్గరికి వచ్చిన చాలామందిలో చూశాను. అందరికీ పెరగదు, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. ఉండలేనంటే ఇంకో దారి ఉంది.

ఆ దారి నాకు నేర్పింది కోవూరు వైపు నుంచి వచ్చే ఒక రైతు. మూడు నెలల సగటు షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, 9.2 ఉండేది. ఎప్పుడడిగినా "కొంచెమే తింటాను సార్" అనేవాడు. ఒకరోజు పొలం నుంచి నేరుగా వచ్చాడు, చేతిలో భోజనం క్యారేజీ ఉంది. విప్పి చూపించమన్నాను. పై గిన్నెలో వంకాయ కూర, రెండు ముద్దలుండొచ్చు. మధ్య గిన్నెలో రాత్రి మిగిలిన చేపల పులుసు, మామిడికాయ ముక్కతో. కింద గిన్నె నిండా అన్నం, గరిటెతో అదిమి అదిమి పెట్టింది. మా కాంపౌండరు ఇంటి నుంచి వంటింటి కాటా తెప్పించి తూచాం. 610 గ్రాములు. ఆ అన్నంలోనే దాదాపు 800 కేలరీలు, 170 గ్రాముల పిండిపదార్థం. ఆయన అబద్ధం చెప్పలేదు. వాళ్ళింట్లో కొంచెం అంటే అంతే.

ఆయనను అన్నం మానమనలేదు. పెన్నా నీళ్ళతో వరి పండించే మనిషిని అన్నం మానమంటే మళ్ళీ నా దగ్గరికి రాడు. గిన్నెలు తారుమారు చేయమన్నాను. కింద పెద్ద గిన్నెలో కూర, పైన చిన్న గిన్నెలో అన్నం. మొదటి నెల 400 గ్రాములు, తర్వాత 250. పులుసు కలపడానికి అన్నం చాలదని ఒకటే గొడవ. అది నిజమే, మన నెల్లూరు చేపల పులుసు పుల్లగా, కారంగా ఉండి అన్నాన్ని లాగుతుంది. ముక్కలు రెండు ఎక్కువ వేసుకుని పులుసు తక్కువ పోసుకోమన్నాను. ముందు కూర, చేప తిని అన్నం చివర్లో తినమన్నాను, అలా తింటే భోజనం తర్వాత షుగర్ తక్కువగా లేస్తుంది. తిన్నాక పావుగంట గట్టు మీద నడక. అవే మాత్రలతో ఆరు నెలలకు 7.4కి వచ్చింది. ఇప్పటికీ మూడు పూటలా తింటాడు.

మీరూ మీ ఇంట్లో ఒక్కసారి కాటా పెట్టి తూచి చూడండి. అన్నం ఎంత, కూర ఎంత. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని చెప్పింది. ధాన్యాలంటే బియ్యం ఒక్కటే కాదు, చిరుధాన్యాలు కూడా అందులోనే.

అందుకే మీ ఆవిడ కొర్రన్నం గురించి ఒక మాట. కొర్రలు మంచివే. పీచు ఎక్కువ, పాలిష్ బియ్యం కంటే షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. మీ పశ్చిమ ప్రకాశం మెట్ట పొలాల్లో పండిన తిండే కూడా. కానీ కొర్రలు కూడా పిండిపదార్థమే. షుగర్ రాదు కదా అని రెండింతలు తింటే లాభం పోతుంది. మీరు రేపు కొర్రలకు మారినా ఇది గుర్తుంచుకోండి. ఇంకొకటి, షుగర్ ఉన్నవాళ్ళు రాగిజావ రెండేసి గ్లాసులు తాగుతుంటారు. మెత్తటి పిండిని నీళ్ళలో బాగా ఉడికించిన జావ తొందరగా అరిగి షుగర్‌ను తొందరగా పెంచుతుంది. దాని కంటే సజ్జ రొట్టె నయం, నమిలి తినాలి కాబట్టి. ఆవిడ శనివారం ఒక్కపొద్దుకు ఇబ్బంది లేదు, షుగర్ లేదు, మాత్రలు లేవు. అదే ఒక్కపొద్దు మీకు ప్రమాదం. ఇద్దరూ ఒకే కంచం ముందు కూర్చున్నా తేడా ఇక్కడే.

అమ్మాయి ఓట్స్ తింటే తిననివ్వండి. ఆ పౌడర్ డబ్బా కంటే రెండు గుడ్లు, ఒక కప్పు పెరుగు, గుప్పెడు వేరుశనగలు చవకగా అదే పని చేస్తాయి. హాస్టల్ పిల్లలకు నేను ముందు చూసేది హిమోగ్లోబిన్. అది చేయించండి.

మీ అమ్మగారి గురించి మాత్రం నాకు బెంగగా ఉంది. మీ డైట్ ఆవిడ మీద రుద్దకండి. 72 ఏళ్ళలో బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, కండ పోతే కాళ్ళు తడబడతాయి, పడితే తుంటి విరుగుతుంది. ఆవిడకు అన్నం తీసేయడం కాదు, అన్నంలోకి కలపాలి. గట్టి పప్పు, గుడ్డు తింటే గుడ్డు, రాత్రి పెరుగన్నం. పెరుగు విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ బెడద తెలిసిందే. తిండిలో కాల్షియం బాగా ఉంటే ఒంటికి పట్టే ఫ్లోరైడ్ కొంత తగ్గుతుంది. తాగే నీళ్ళు ఎక్కడివో కూడా చూసుకోండి. "మేం అన్నం తినే బతికాం" అని ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. ఆ రోజుల్లో ఆవిడ నీళ్ళు మోసింది, కలుపు తీసింది, బహుశా రోట్లో దంచింది. మీరు కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుంటారు. అన్నం అదే, దాన్ని కరిగించే పని లేదు.

మీరిప్పుడు 76 కేజీలు. మన దేశం వాళ్ళకు పెట్టుకున్న లెక్కలో ఇంకా కొంచెం ఎక్కువే, మీ ఎత్తుకు 65 దగ్గరికి వస్తే మంచిది. కానీ దానికి తొందర లేదు. టేపు పెట్టి బొడ్డు దగ్గర నడుము కొలవండి, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. తూకం కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈ పరీక్షలు అడగండి: హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, కొలెస్ట్రాల్ లెక్క చెప్పే లిపిడ్ ప్రొఫైల్, సోడియం, పొటాషియం. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో విటమిన్ బీ12 తగ్గొచ్చు కాబట్టి అది కూడా. క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే ఇంత మాంసం తినడం గురించి మళ్ళీ ఆలోచించాలి. నాలుగు నెలలుగా మీరు తింటున్నది దాచకుండా చెప్పండి. తిడతారని చాలామంది చెప్పరు, అందుకే మందు అలాగే ఉండిపోతుంది. వారం పాటు పరగడుపున, 11 గంటలకు, భోజనం చేసిన రెండు గంటలకు షుగర్ చూసి ఒక కాగితం మీద రాయండి, పక్కనే ఆ పూట ఏం తిన్నారో కూడా. ఆ కాగితం మీ డాక్టరుకు చూపించి, ఒక ఫొటో మాకూ పంపండి. మందు ఎంత తగ్గించారో రాయడం మరిచిపోవద్దు.

- జనరల్ ఫిజీషియన్, నెల్లూరు