ఖరీదైన డ్రిల్లింగ్ మెషీన్ ఎవరికి అవసరం?

ప్రశ్న: ఇంట్లో చిన్నచిన్న పనుల కోసం బ్యాటరీతో నడిచే డ్రిల్లింగ్ మెషీన్, గ్రైండర్ కొనాలనుకుంటున్నాను. వృత్తిపనివారి కోసం తయారైన రకాల ధర మామూలు వాటికి రెండు మూడు రెట్లు ఉంది. అంత పెట్టడం సమంజసమేనా?

జవాబు: మెషీన్ మీ చేతిలో ఎన్ని గంటలు నడుస్తుందన్నదే ఇక్కడ అసలు లెక్క. ఖరీదైన రకాల్లో అదనపు సొమ్ము చాలావరకు బ్రష్‌లెస్ మోటారుకు, మేలైన బేరింగులకు, లోహపు గేర్లకు పోతుంది. మామూలు మోటారులో కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, ఆ కరెంటు దిశను మార్చే కమ్యుటేటర్ అనే తిరిగే భాగాన్ని ఒరుసుకుంటూ అరిగిపోతాయి, కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది. బ్రష్‌లు లేని బ్రష్‌లెస్ మోటారులో కరెంటును మళ్లించే ఆ పనిని ఎలక్ట్రానిక్ సర్క్యూటు చేస్తుంది కనుక ఒకే ఛార్జితో ఎక్కువ పని జరుగుతుంది. రోజంతా పనిచేసే వడ్రంగికి ఈ తేడా పెట్టిన డబ్బును త్వరలోనే రాబడుతుంది. ఎప్పుడో ఒకసారి అల్మారా బిగించుకునేవారికి మాత్రం మధ్యరకం మెషీన్ చాలు, ఎందుకంటే లిథియం అయాన్ బ్యాటరీ వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ సామర్థ్యం కోల్పోతుంది.

ధర కంటే ముందు చూడవలసింది మెషీన్ రకం. కాంక్రీటు గోడకు రంధ్రాలు వేయాలంటే, పిస్టన్‌తో గాలిని నొక్కి దెబ్బ కొట్టే మధ్యరకం రోటరీ హ్యామర్ ముందు ఎంత ఖరీదైన మామూలు హ్యామర్ డ్రిల్లైనా తేలిపోతుంది. మొండిబారిన బిట్టు (రంధ్రం వేసే ములుకు) పెట్టుకుని మోటారును నిందించడమూ న్యాయం కాదు.

18 వోల్టులు, 20 వోల్టులు అన్న అంకెలను చూసి తొందరపడకండి. వరుసగా కలిపిన ఐదు సెల్‌ల బ్యాటరీనే, సెల్‌కు 3.6 వోల్టుల చొప్పున లెక్కగట్టి 18 అనీ, నిండా ఛార్జి అయినప్పటి వోల్టేజీని బట్టి 20 అనీ రాస్తారు. పోల్చవలసింది బ్యాటరీలో నిల్వ ఉండే శక్తిని తెలిపే వాట్ అవర్లను, అంటే వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వచ్చే అంకెను: 18 వోల్టుల 2 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 36, అదే 5 ఆంపియర్ అవర్లదైతే 90 వాట్ అవర్లు ఉంటాయి.

గ్రైండర్ విషయంలో మాత్రం పొదుపు చూడవద్దని గట్టిగా చెబుతాను. పగిలిన డిస్కు ముక్కలు మనిషి మీదికి దూసుకొస్తాయి కాబట్టి గట్టి గార్డు, స్విచ్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ పెట్టినా దానంతటది తిరగడం మొదలుపెట్టని ఏర్పాటు, స్విచ్ వదలగానే డిస్కును ఆపే బ్రేకు ఉన్నదే తీసుకోండి. డిస్కు మీద ముద్రించిన గరిష్ఠ వేగం మెషీన్ వేగం కంటే తక్కువ ఉండకూడదు.

ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా మరో కంపెనీ మెషీన్‌కు సరిపోదు. అందువల్ల మొదటి మెషీన్ కొనేటప్పుడే, మున్ముందు మీకు కావలసిన పరికరాలు అదే బ్యాటరీతో దొరుకుతాయో లేదో, స్విచ్చులు, బ్రష్‌ల వంటి విడిభాగాలు అందుబాటులో ఉన్నాయో లేదో విచారించి, ఆ తరువాతే ధర మాట్లాడండి.