టెక్సాస్‌లో ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ డీడ్: సంతకం అమ్మగారే చేయాలి

అమ్మగారు విజయవాడలో ఉన్నారు కాబట్టి, డాలస్‌లో ఆవిడ పేరున ఉన్న ఇంటికి ఈ డీడ్ (యజమాని పోయాక ఇల్లు అందులో రాసినవాళ్లకే నేరుగా వెళ్లేలా చేసే పత్రం) మీద జీపీఏతో, అంటే ఆవిడ ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీతో, మీరే సంతకం పెట్టొచ్చా, ఫ్రెండ్ చెప్పినట్టు ఇద్దరు సాక్షులు కావాలా అని అడిగారు.

దయచేసి జీపీఏతో పెట్టకండి. 2015 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన టెక్సాస్ చట్టం అందుకు ఒప్పుకోదు. అమ్మగారే నోటరీ ముందు సంతకం చేయాలి. ఇల్లు దక్కాల్సిన మీ సంతకం అక్కర్లేదు. సాక్షులూ అక్కర్లేదు. మీ ఫ్రెండ్ చెప్పిన ఇద్దరు సాక్షుల నియమం కాలిఫోర్నియాది, అక్కడ 2022 నుంచి ఉంది.

సంతకం ఒక్కటే చాలదు. డీడ్ ఆవిడ బతికుండగానే, ఇల్లున్న కౌంటీ క్లర్క్ ఆఫీసులో రికార్డు కావాలి. మేం దెబ్బ తిన్నది ఇక్కడే. మా మామగారు ప్లేనోలో ఇంటికి డీడ్ రాసి నోటరీ చేయించారు. రికార్డుకు వచ్చే వారం వెళ్దామని కాగితాన్ని బీరువాలో పెట్టాం. ఆ వచ్చే వారం రాకుండానే గుండెపోటుతో పోయారు. ఆయన చేత్తో చేసిన సంతకం, నోటరీ ముద్ర అన్నీ ఉన్నా ఆ కాగితం చెల్లలేదు. వీలునామా కూడా లేదు. వారసులెవరో తేల్చమని కోర్టుకెళ్తే, ఆస్తిలో వాటా లేని ఇద్దరు సాక్షుల్ని తెమ్మన్నారు. ఆయనతో రోజూ పార్కులో నడిచే ఇద్దరు పెద్దాయనలు వచ్చి, మా కుటుంబం గురించి జడ్జికి చెప్పారు. వాళ్ల రుణం తీర్చుకోలేం.

ఇల్లు అమ్మానాన్నల పెళ్లయ్యాక కొన్నదైతే, పేరు ఒక్కరిదే ఉన్నా నాన్నగారి చేత కూడా సంతకం చేయించండి.

అమ్మగారు ప్రయాణం చేయలేకపోతే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో నోటరీ అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఒక్కో ముద్రకు 50 డాలర్లు. పాస్‌పోర్టు పట్టుకెళ్లాలి. ఇంట్లో ముందే సంతకం పెట్టేసి వెళ్లకూడదు, ఆఫీసర్ ఎదుటే పెట్టాలి. ఒరిజినల్‌ని అదే రోజు కొరియర్‌లో పంపించమని, చేతికందగానే రికార్డుకు ఇవ్వండి. రికార్డు నంబరు చేతికొచ్చేదాకా పని అయిందనుకోకండి.

విజయవాడలో ఉన్న ఫ్లాట్‌కి మాత్రం ఈ డీడ్ పనికిరాదు. దానికి వీలునామా రాయించాలి, అక్కడ ఇద్దరు సాక్షులు తప్పనిసరి.